పొల్లుపోని డచ్

"డచ్ వాడికే డచ్ వచ్చినట్టు లేదు జితేందర్!" అంటూ వసుమతి తన ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది.

అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళోని ఆ కంపెనీ రోగులకు మందు ఎక్కించే పంపులు తయారుచేస్తుంది. వాటి మాన్యువల్‌ను ఇంగ్లీషు నుంచి డచ్‌లోకి మార్చడం జితేందర్ ఉద్యోగం. వసుమతి అతని మేనేజర్. నెదర్లాండ్స్ నుంచి ఎవరో ఇంజనీరు మెయిల్ పెట్టాడు, మూయాల్సిన వాల్వును తెరవమని రాశారట.

"ఒక్కసారి చెక్ చేస్తాను మేడమ్," అన్నాడు జితేందర్.

"చెక్ ఏంటి? నువ్వు డచ్‌లో రాసింది ఆ రెండో ట్రాన్స్‌లేటర్ మళ్ళీ ఇంగ్లీష్‌లోకి మారుస్తాడు కదా. ఎప్పుడూ పొల్లు పోకుండా మ్యాచ్ అవుతోంది. ఇద్దరు ఎక్స్‌పర్ట్‌లని కాదని ఆ ఒక్కడి మాట వినాలా? సాయంత్రం షిప్ చేసేస్తున్నాం."

జితేందర్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతనికి డచ్‌లో ఒక్క ముక్క రాదు! "డచ్ వచ్చినవాళ్ళు ఇక్కడెవరున్నారయ్యా, నిన్ను పట్టుకోడానికి?" అంటూ ఈ ఉద్యోగం ఇప్పించిన కన్సల్టెన్సీ సూర్యప్రకాశ్ అతని రెజ్యూమేలో ఆ భాష కూడా ఎక్కించేశాడు. సాఫ్ట్‌వేర్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు అంటించడమే ఇతగాడి పాండిత్యం. ఛీ, ఏం బతుకు! రేపు ఆ పంపు పక్కన పడుకునేది ఎవరి తండ్రో, ఎవరి బిడ్డో.

"షిప్ చేయకండి మేడమ్. ముందు ఆ రెండో ఆయనతో నన్ను మాట్లాడనివ్వండి."

"రూల్ ప్రకారం మీకు ఒకరి పేరు ఒకరికి తెలియకూడదు. సరే, పేర్లు లేకుండా మాట్లాడుకోండి. డచ్‌లో దంచేయండి!" వసుమతి నవ్వుతూ ఫోన్ కలిపిచ్చి కాఫీకి వెళ్ళింది.

జితేందర్ తలుపు మూశాడు. ఈయన కాళ్ళు పట్టుకుంటే తప్పు దిద్దుతాడు. తన ఉద్యోగం పోతే పోనీ.

"సర్, నాకు డచ్ రాదు. అంతా సాఫ్ట్‌వేర్‌తోనే చేశాను. ఆ ఇంజనీర్ చెప్పిందే నిజమై ఉంటుంది. ప్లీజ్, మీరైనా చదివి సరిచేయండి," అని ఇంగ్లీషులో బతిమాలాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

అటువైపు గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మీ యాస... తెలుగువాళ్ళా?" అన్నాడాయన, బాగా గొంతు తగ్గించి. "బ్రదర్, మీ రెజ్యూమే కూడా సూర్యప్రకాశ్ గారే రాశారా?"