ఒత్తిగిలించే పని

భార్య పోయాక లేత్ మేస్త్రీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చారు.

చక్రాల కుర్చీ బావమరిది తీసుకెళ్లాడు. గాలి పరుపు వదినగారు అడిగి మరీ మోయించుకుపోయింది. మిగిలింది ఇనప మంచం.

మేస్త్రీ దాని పక్కనే కూర్చునేవాడు. తిండి లేదు, నిద్ర లేదు. మంచాన పడ్డ భార్యను ఏళ్ల తరబడి ఒత్తిగిలించిన చేతులు ఊరుకోలేక ఖాళీ మంచం మీద దుప్పటి సర్దుతూ ఉండేవి.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి గుమ్మంలో నిలబడింది.

"మంచం ఇవ్వను" అన్నాడు ముందే.

"మంచం కోసం కాదు బాబాయ్ గారూ. వెనక వీధిలో ఉంటాం. మా అమ్మ మంచాన పడింది. ఒళ్లు పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో నేర్పిస్తారా?"

"ఇన్నాళ్లూ గాడిదలు కాస్తున్నావా?"

"మీలాంటి పంతులు దొరకలేదు."

విసుక్కుంటూనే ఆమెను మంచం మీద పడుకోమన్నాడు. నడుము కింద దుప్పటి మడిచి వేసి, అంచు పట్టి లాగి చూపించాడు.

"లాగాల్సింది దుప్పటిని, మనిషిని కాదు. బుర్రకెక్కిందా?"

"సగం ఎక్కింది. రేపొస్తాను."

రోజూ వచ్చేది. రోజూ ఏదో తప్పు చేసేది. తిట్టడానికి ఓపిక కావాలి గనక మేస్త్రీ ఇంత అన్నం వండుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు "మీరు పడుకోండి, నేను తిప్పుతాను" అంది.

భార్య మంచం మీద మొదటిసారి పడుకున్నాడు. ఆమె అతన్ని పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టింది. మేస్త్రీకి కళ్లు మూతలు పడ్డాయి.

లేచేసరికి సాయంత్రమైంది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది.

మడమలు మంచానికి ఆనకుండా అతని పిక్కల కింద తువ్వాలు చుట్ట పెట్టి ఉంది. అది అతను నేర్పలేదు.

"నీకు ఈ పని వచ్చు. నాకంటే బాగా వచ్చు. మరి ఈ నాటకమెందుకు? మంచం మీదే కదూ కన్ను?"

"బాబాయ్ గారూ..."

"ఎవడు నీకు బాబాయి? పని వచ్చుండీ తల్లిని వదిలేసి తిరుగుతున్నావు. ఆవిడ పుండ్లు పడి చస్తే ఆ పాపం నీదే. పో!"

ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మేస్త్రీకి మళ్లీ నిద్ర కరువైంది. కొన్నాళ్లు పంతం పట్టాడు. చివరికి, ఆ ముసలామెకైనా పనికొస్తుందని మంచం తోపుడు బండి మీద వేయించి వెనక వీధికి వెళ్లాడు.

ఆమె తమ్ముడు తలుపు తీశాడు.

"మీ అమ్మకు" అన్నాడు మేస్త్రీ, బండి చూపించి.

"అమ్మకా? అక్క ఎంత చేసినా అమ్మ పుండ్లు పడి పోయింది. ఏళ్లయిందండీ."

మేస్త్రీ గుమ్మంలోంచి లోపలికి చూశాడు.

"అప్పట్నుంచీ అక్క గది దాటలేదు. మీ ఇంట్లో తెల్లార్లూ దీపం వెలగడం కిటికీలోంచి చూసి, 'ఆయన కూడా నాలాగే అయిపోతాడ్రా' అని బయల్దేరింది. ఆ కొన్నాళ్లే కాస్త మనిషిలా ఉంది. ఇప్పుడు మళ్లీ లోపల గడియ పెట్టుకుంది. ఎవరేమన్నారో, చెప్పదు."

మేస్త్రీ ఆ గది తలుపు కొట్టాడు. పిలిచాడు. లోపల అలికిడి లేదు.

తిరిగొస్తుంటే బండివాడు అడిగాడు.

"ఏంటి మేస్త్రీ, వద్దన్నారా?"

"ఆ ఇంటి మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు" అన్నాడు మేస్త్రీ.