ఎడమ చేతి వేళ్ళు

శుభవార్త వచ్చేసరికి వోబ్రీ ప్రభువు అద్దం ముందు నిలబడి గడ్డం అతికించుకుంటున్నాడు.

కార్నివాల్ విందుకి ఆయనది సముద్రదేవుడి వేషం. నీలిపట్టు అంగీ, చేతిలో త్రిశూలం. నురగలాంటి ఆ తెల్ల గడ్డం మాత్రం మధ్యాహ్నం నుంచీ ఒక పక్క ఊడిపోతూనే ఉంది. ఆ సాకుతోనే ఆయన ఇంకా అతిథుల మధ్యకి వెళ్ళలేదు.

తలుపు తోసుకుని బార్నబే వచ్చాడు. పారిస్ రేవులో మూటలు మోసే మనిషి. మోచేతుల దాకా రక్తం.

"అయిపోయింది దొరా."

ప్రభువు గడ్డం వదిలేశాడు. "చేతులు?"

"రెండూ."

"ఎడమ చెయ్యి ముఖ్యమని చెప్పాను."

"ముందు దాని పనే పట్టాం. గుర్రాల శాల దగ్గర రాతి మెట్టు ఉంది కదా, దాని మీద పరిచి సుత్తితో కొట్టాం. వేలు తర్వాత వేలు. ఎండుపుల్లలు విరిచినట్టే ఉంది చప్పుడు."

ప్రభువు కళ్ళు మూసుకుని ఆ చప్పుడు ఊహించుకున్నాడు.

సిప్రియన్ నల్లవాడు. చక్కెర దీవుల్లో ఒక దొరకీ, ఆయన బానిసకీ పుట్టినవాడు. అతను ఫిడేలు పడితే పారిస్ అంతా ఊపిరి బిగబట్టి వింటుంది. రేపు రాణిగారి ముందు అతని కచేరీ. అది ముగియగానే రాణిగారి వాద్యబృందానికి అతణ్ణే నాయకుణ్ణి చేస్తారు. అతని తర్వాత వరసలో ఉన్నవాడు ప్రభువుగారి ఒక్కగానొక్క కొడుకు ఎమెరిక్. రేపు సిప్రియన్ రాలేకపోతే ఆ కుర్చీ ఎమెరిక్‌ది.

"మనిషిని పోల్చడంలో పొరపాటు లేదు కదా? ఇవాళ అందరూ వేషాల్లో తిరుగుతున్నారు."

బార్నబే నవ్వాడు. "వేషం లేకుండా వచ్చింది వాడొక్కడే కదా దొరా. ఈ కోటలో అంత నల్ల మొహం ఇంకెవరికుంది? ఈల వేసుకుంటూ శాల పక్క దారినే వచ్చాడు, మీరు చెప్పినట్టే. వెనక నుంచి గోనెసంచి దించేశాం."

"ఏమన్నాడు?"

"మా నాన్న మిమ్మల్ని ఉరి తీయిస్తాడన్నాడు. పళ్ళు రాలగొట్టి, సంచిలో చెయ్యి పెట్టి నోట్లో గుడ్డ కుక్కాం."

ప్రభువు పగలబడి నవ్వాడు. "వాళ్ళ నాన్నా? సముద్రం అవతల ఆయనకి ఇలాంటివాళ్ళు ఎందరో. ఒక్కడి పేరైనా గుర్తుండదు. పద, చూసొద్దాం."

శాలలో చీకటి పడుతోంది. రక్తం వాసనకి బెదిరిన గుర్రం ఒకటి గిట్టలతో నేలను తన్నుతోంది. అతను గడ్డిలో పడి ఉన్నాడు. తల మీద సంచి. తెల్లటి చేతి తొడుగులు ఎర్రగా తడిసి, వంకర పోయిన వేళ్ళకి అంటుకుపోయాయి.

"ఏం నాయనా, శ్రుతి కుదిరిందా?" అన్నాడు ప్రభువు.

ఆ గొంతు వినగానే కింద ఉన్న మనిషి ఎగిరిపడ్డాడు. కాళ్ళు తపతపా కొట్టుకున్నాడు. ఏదో అరవబోయాడు. మూలుగు తప్ప మాట రాలేదు. మోచేతుల మీద పాకుతూ ప్రభువు కాళ్ళ దగ్గరకు వచ్చాడు.

"నన్ను గుర్తుపట్టాడు. కాళ్ళ మీద పడతాడట."

ఎడమ చేతి బొటనవేలు ఇంకా కదులుతోంది.

"ఇదెందుకు వదిలేశారు?"

"సుత్తి పిడి విరిగింది దొరా."

ప్రభువు ఆ వేలి మీద బూటు మడమ ఆనించాడు. బరువంతా వేసి అటూ ఇటూ తిప్పాడు. ఎముక పటపటలాడింది. సంచి లోపల ఊపిరి ఆగింది. కాసేపటికి ఏడుపై బయటికి వచ్చింది.

"నా కొడుక్కి అడ్డొస్తావా? రేపు నీ కుర్చీలో వాడే కూర్చుంటాడు. చెవులు మిగిల్చాను, హాయిగా విను," అంటూ డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

"ఇంక చాల్లెండి దొరా, చచ్చిపోతాడు," అన్నాడు బార్నబే, మొహం అటు తిప్పుకుని.

ప్రభువు బూటు గడ్డికి తుడుచుకున్నాడు. గడ్డం సర్దుకున్నాడు.

మేడమెట్లు ఎక్కుతుంటే ఫిడేలు వినిపించింది. హాలు తలుపుల దాకా జనం కిక్కిరిసి ఉన్నారు. వాయించే మనిషి కనబడటం లేదు. ఆయన మెట్ల మధ్యలోనే ఆగిపోయాడు. ఎమెరిక్ ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు. తండ్రికి కళ్ళు చెమర్చాయి.

పై మెట్టు మీద సిప్రియన్ భార్య మేలనీ కూర్చుని ఉంది. పెళ్ళయి నెల కాలేదు. నాట్యం చేసీ చేసీ కాళ్ళు నొప్పి పుట్టి బూట్లు విప్పేసింది. పాకం పట్టిన నారింజ తొక్కలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కోటీ నోట్లో వేసుకుని, అంటుకున్న పంచదార నాకుతోంది. ప్రభువును చూసి గబుక్కున లేవబోయింది.

"కూర్చో తల్లీ, కూర్చో. తిను," అన్నాడాయన. ఆ పిల్లని చూస్తే జాలేసింది కూడా.

గుమ్మంలో నిలబడి త్రిశూలంతో నేలను కొట్టాడు. కమాను ఆగింది. అతిథులు ఇటు తిరిగారు.

"విన్నారుగా? రేపు రాణిగారి ముందు వాయించబోయేది ఈ చెయ్యే. ఫ్రాన్స్ మొత్తం వెతికినా దీనికి సాటి లేదు. మీరంతా రావాలి. పొద్దున్నే మీ ఇళ్ళకి నా బండ్లు వస్తాయి."

కొందరు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు.

మేలనీ వట్టి కాళ్ళతోనే పరుగున వచ్చింది.

"మా ఆయన్ని మీరింత మెచ్చుకోవడం మీ అబ్బాయి కూడా వినాల్సిందండీ, మొహానికి మసి పూసుకుని అచ్చం మా ఆయనలా నడిచి ఇందాకటిదాకా అందర్నీ నవ్వించాడు, గుర్రాలవాళ్ళని కూడా నవ్వించి వస్తానని వెళ్ళాడు, ఆ మసి ఇంక రేపు పొద్దున్నే కడుక్కుంటాడట."