బిందె నాది, చెంబెవ్వరిది?

గుండయ్య చూపు మంచిది కాదని పక్కింటి సక్కుబాయి అన్నదట.

పనిమనిషి ఆ మాట మోసుకొచ్చి నాగమణమ్మ చెవిన వేసింది.

"ఏం చేస్తడట?"

"మన విమలమ్మ నోటిదిక్కే రెప్పగొట్టకుండ చూస్తడట. దిష్టి తగిలితె పిల్లకు ఇగ మాటలు రావంటున్నదమ్మా."

కూతురు విమలకు మూడేళ్లు దాటినా మాట రాలేదు. నాగమణమ్మ ఫికరంతా అదే. జూన్‌లో కాన్వెంటు సీటు కోసమని ఇంగ్లీషు పాటల పుస్తకం తెచ్చి రోజూ చదివేది. పిల్ల గోడకేసి చూసేది.

స్టీలు గిన్నెలు కొత్తగా వస్తున్న రోజులు. బేగంబజార్‌లో నాగమణమ్మ వాళ్ల గిన్నెల దుకాణం మెట్ల మీద కూర్చుని, కొన్నవాళ్ల గిన్నెలపై పేర్లు చెక్కేవాడు గుండయ్య. టెక్కు మనిషని పేరు. నోటితో చెప్పిన పేరు చెక్కడు. చీటీ మీద రాసివ్వాల్సిందే.

నాగమణమ్మ దుకాణం పైనున్న మేడ మీంచి తొంగి చూసింది.

గుండయ్య ఉలి మీద సుత్తితో దరువేస్తూ, బజారంతా వినపడేలా పాడుతున్నాడు.

"టిక్కు టిక్కు బిందె, టింగు టింగు చెంబు! బిందె నాది, చెంబెవ్వరిది?"

ఆగి, ఎదురుగా కూర్చున్న విమల ముఖంలోకి చూస్తున్నాడు.

"గుండయ్యా, బంద్ చెయ్!"

మళ్లీ టిక్కు టిక్కు బిందె.

"నీకే చెప్తున్న! గా మోటు పాటలు నా బిడ్డకు నేర్పకు!"

తలైనా ఎత్తలేదు.

ఆ పూటే భర్త సోమశేఖర్‌తో లొల్లి పెట్టుకుంది.

"నా మాటంటె లెక్కలేదు వానికి. ఈడ వాడన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

మర్నాడు సోమశేఖర్ ఎదురుగా నిలబడి, ఇక రావద్దన్నాడు. గుండయ్య సుత్తి, ఉలి సంచిలో వేసుకున్నాడు.

జూన్‌లో కాన్వెంటు సిస్టర్ బొమ్మలు చూపించి ఏవేవో అడిగింది. విమల నోరు విప్పలేదు. నాగమణమ్మ తల దించుకుంది.

అంతలో బల్ల మీద చిన్నగా చప్పుడు. పిల్ల వేలితో కొడుతోంది.

"టిక్కు... టిక్కు... బిందె."

ఆగి, "చెంబు నాది" అంది.

"ఈ పాట ఎవరు నేర్పారు?" అంది సిస్టర్.

నాగమణమ్మ పిల్లను దగ్గరకు లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఎవరైనా సరే, మానిపించకండి. పసిపిల్లలకు పాట పట్టుకునే మాట వస్తుంది. ఇంగ్లీషు మేం నేర్పుకుంటాం."

ఆ సాయంత్రమే నాగమణమ్మ గౌలిపుర గల్లీల్లో గుండయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గుండయ్య భార్య కొమురమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"ఊరికి పోయిండు. ఇగ పట్నం రాడట."

"తప్పయింది కొమురమ్మా. మేడ మీద నుంచి నోటికొచ్చినట్టు ఒర్రిన. మనసుల పెట్టుకోవద్దని చెప్పు. బిడ్డకు మాటలొచ్చినయని చెప్పు."

కొమురమ్మ చేట ఆపలేదు.

"మీరు ఒర్రింది ఆయనకు తెల్వనే తెల్వదమ్మా. బిందెలు కొట్టీ కొట్టీ చెవులు పోయి తొమ్మిదేండ్లాయె, పెదవులు చూసే మాట పట్టుకుంటడు. మీ బిడ్డ పెదవులు కదులుతున్నయి, ఇయ్యాలో రేపో మాటొస్తదని మీరు ఎల్లగొట్టిన నాడే చెప్పిండు."