బర్రె అడ్డమొచ్చిన కేసు

“పోలీసొస్తాండాడు. ఎదుటి పార్టీవాళ్లు బాంబేసినారని చెప్పరా,” అన్నాడు పెంచలరెడ్డి, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కాలు విరిగి పడుకున్న తన జీపు డ్రైవరు కృపావరంతో.

“బాంబు యాడిది రెడ్డీ? జమ్మలమడుగు రోడ్డులో బర్రె అడ్డమొచ్చి జీపు బోర్లా పడె,” అంది కృపావరం భార్య ఎలిజబెత్.

“ఎలక్షన్ల ముందర నన్ను బర్రె పడేసిందంటే నా పరువేం గావాల?”

“గొడవల కేసయితే ఇన్సూరెన్సు రాదంట, లాయరు చెప్పినాడు. యాక్సిడెంటయితే ఆపరేషనుకూ వస్తాది, ఈయప్ప మళ్లా బండెక్కేదాకా తిండికీ వస్తాది. పరువు నీది, కాలు మాది.”

ఇన్నేళ్లలో మొదటిసారి కృపావరం రెడ్డి మొహం కాకుండా భార్య మొహం చూశాడు. లోపలికొచ్చిన హెడ్ కానిస్టేబుల్‌తో, “బర్రే సార్,” అన్నాడు.

పెంచలరెడ్డి కాసేపు మీసం నిమురుకున్నాడు.

“సరే, అట్లనే రాసుకో. ఆ బర్రె మాత్రం ఎదుటి పార్టీదని రాయప్పా.”