వెనకవాడు కదిలేదాకా

లీసెలోట్‌కి అన్నిటికంటే భయం ఒకటే: ఒంటరిగా సైకిల్ తొక్కుతూ భర్త వెనక్కి తిరిగి చూడటం.

ఆమె భర్త యోరిక్ స్ప్రింట్ అనే సైకిల్ పందెంలో మూడుసార్లు బెల్జియం ఛాంపియన్. ఆ పందెంలో ముందు దూకినవాడి చాటున వెనకవాడు గాలి తగలకుండా వచ్చి గెలిచేస్తాడు. అందుకే ముందున్నవాడు సైకిల్ మీదే కదలకుండా నిలబడి, వెనకవాడు కదిలేదాకా ఓపిక పడతాడు.

ఆ రాత్రి గెంట్ ఊళ్లో, నాలుగు గోడల మధ్య ఉన్న సైకిల్ ట్రాక్ మీద అతనొక్కడే తొక్కుతున్నాడు; లీసెలోట్ పాపని ఎత్తుకుని పక్కన కూర్చుంది. "నిద్రపుచ్చాల్సింది పాపని కాదమ్మా, మీ ఆయన్ని!" అని నవ్వుతూ కాపలా ముసలాయన ఇంటికెళ్లిపోయాడు. కాసేపటికి చక్రాల చప్పుడు ఆగింది. యోరిక్ ట్రాక్ వాలు మీద, సైకిల్ దిగకుండానే నిలబడిపోయి, భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"నీ వెనక నేనూ పాలసీసా తప్ప ఎవరూ లేరు మహానుభావా, దిగు!"

"ఉష్! వాడింకా కదల్లేదు."

"ఎవడు?"

పాప గుక్కపట్టి ఏడ్చినా అతని తల ఇటు తిరగలేదు. పాపని ఊరుకోబెట్టడానికి ఆమె గుమ్మం దాటి బయటికి రాగానే వెనక తలుపు మూసుకుని తాళం పడిపోయింది. తాళంచెవి, ఫోను లోపలే ఉండిపోయాయి. ఎంత బాదినా లోపల ఏ చప్పుడూ లేదు.

మీరు ఆ దారిన వెళ్తుంటే, కిటికీలోంచి ఒక్కసారి చూడండి. అతను కాలు కింద పెట్టాడేమో గుమ్మం దగ్గరున్న ఆమెకి చెప్పండి.