ఒక్క సవరణ

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో నేను పంపిన మొదటి కథకు పత్రిక సంపాదకుడు కవరులో జవాబు పంపి ఉంటే బతికిపోయేదాన్ని. ఆయన కార్డు ముక్క మీద రాశాడు. తార్నాకలో మా గుమ్మం దగ్గర పోస్ట్‌మాన్ దాన్ని నేరుగా మా ఆయన సామేలు చేతిలో పెట్టాడు.

స్నానానికి తప్ప టోపీ తీయని సామేలు, టోపీ సర్దుకుని పైకే చదివాడు.

"అమ్మా, యూనివర్సిటీ లైబ్రరీలో అల్మారాల చాటున మీ నాయిక అతని మెడ మీద పెట్టిన ముద్దు చదివి నేను రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను. కథ అచ్చు వేస్తున్నాం."

ముద్దు అన్న మాటకు తలుపు చాటుకు నక్కబోయాను. అచ్చు అన్న మాటకు కాళ్లు గంతులేయబోయాయి.

"నువ్వు పనిజేసే లైబ్రరీనే గదా! ఎవడే వాడు?"

"ఎవడూ లేడు. అంతా ఊహించి రాసిన."

"ఊహల గూడ ఎవడో ఒకడు ఉంటడు గదా!"

నాకు నవ్వు ఆగలేదు. "అంచుకు ఇంకేందో రాసి ఉన్నది, చదువు."

"ఒక్క సవరణ. నాయకుడికి బట్టతల ఎందుకు? నాయిక అతని టోపీ తీసి, ఆ నున్నటి తల నిమురుతూ మైమరచిపోతే పాఠకులు నమ్మరు. ఉంగరాల జుట్టు పెట్టండి."

సామేలు దాన్ని మళ్లీ చదువుకున్నాడు, ఈసారి మనసులోనే. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమని రాస్తవు?" అన్నాడు నేల చూస్తూ.

"జుట్టు పెట్టనని రాస్త."

సాయంత్రం నా జవాబు కార్డును పోస్టు డబ్బాలో వేయడానికి చౌరస్తా దాకా తనే వెళ్లాడు. టోపీ మాత్రం ఇంట్లో మేకుకే వేలాడుతోంది.