వెచ్చటి బస్తా

గోడౌన్ ఇన్‌చార్జి కాళ్లు నేల మీద నిలవడం లేదు. గింజలు పరీక్ష చేయడానికి వచ్చిన మరదలిని గుమ్మంలోనే ఆపాడు.

"మన పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. నాలుగూ నాలుగు రంగులు."

మొక్కజొన్న బస్తాల వరస మీద పిల్లి పడుకుని ఉంది. పొట్టకు అతుక్కుని నాలుగు కూనలు.

"మరి బయట లారీ, బావా?"

"ఈ వరసే ఎక్కాలి, చంటిపిల్లల జావపిండి మిల్లుకి. ఈ మహారాణి ఎక్కనిస్తేగా. బుట్టలో మెత్తగా గుడ్డలు పరిచి దింపాను. ఒక్కోదాన్నీ నోట కరుచుకుని మళ్లీ ఇక్కడికే. పక్క వరస మీద పెట్టినా అంతే. మూడుసార్లు. మీ అక్క కూడా ఇంత మొండిది కాదు."

మరదలు పడీ పడీ నవ్వింది. "అక్కతో చెప్తానుండు."

"చెప్పుకో. ముందు ఇక్కడ చెయ్యి పెట్టు, పొయ్యి పక్కన ఉన్నట్టు లేదూ? ఇంత ముసురులో ఎంత వెచ్చటి చోటు వెతుక్కుందో చూడు."

నవ్వుతూనే చెయ్యి పెట్టింది. తర్వాత పిల్లి ఎన్నడూ పడుకోని అడుగు బస్తా మీద పెట్టింది. అదీ వెచ్చగానే ఉంది.

కూనల్ని బుట్టలోకి దింపి, పై బస్తా కుట్టు విప్పింది. గింజలు రాలలేదు. ఆకుపచ్చ బూజుతో ముద్ద ఊడి వచ్చింది.

"బావా, ఇది పిల్లి వేడి కాదు, బూజు వేడి. ఈ బూజు విషం. లారీని ఖాళీగా పంపించెయ్."

అతను లారీ వైపు చూశాడు. ఇటు తిరిగేసరికి పిల్లి నాలుగోసారి కూనను కరుచుకుని వస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని చేతులు అడ్డం పెట్టాడు.

"ఇక వద్దు తల్లీ. మొదటిసారే నాకు బుర్ర వెలిగుంటే, నీకిన్ని మోతలు తప్పేవి."